పళ్ల డాక్టరంటే పరుగో పరుగా?

"నోరు తెరువు నాన్నా... ఏం చెయ్యరు, ఊరికే చూస్తారంతే!"

ఈ మాట మీరెప్పుడైనా అన్నారా? నేనన్నాను. మావాడికప్పుడు అయిదేళ్లు. దవడ పన్ను పుచ్చి రాత్రుళ్లు బుగ్గ పట్టుకుని ఏడుస్తుంటే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. దారి పొడుగునా "ఊరికే చూస్తారు" అనే చెప్పాను. తీరా అక్కడికి వెళ్లాక నేను చేతులూ, వాళ్ల నాన్న కాళ్లూ పట్టుకుంటే వాడు గుక్కపట్టి ఏడుస్తుండగానే పని కానిచ్చేశారు. అంతా కలిపి పది నిమిషాలు. ఇంటికొచ్చాక వాడు నాతో మాట్లాడలేదు. రాత్రి పక్కమీద మాత్రం అటు తిరిగి పడుకుని, "నువ్వు అబద్ధం చెప్పావు కదమ్మా" అన్నాడు.

ఆ ఒక్క అబద్ధానికి మేం మూడేళ్లు వడ్డీ కట్టాం. జ్వరమొచ్చి డాక్టరు నాలుక చూపించమన్నా పెదాలు బిగించేసేవాడు. ఇంకో పన్ను పుచ్చిన సంగతి, చిగురు మీద చీముపొక్కు లేచేదాకా మాకు తెలియనే లేదు.

ఈసారి పిల్లల పళ్లు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మొదటి రోజు ఆవిడ వాడి పన్ను జోలికే పోలేదు. కుర్చీని పైకీ కిందకీ కదిపే మీట వాడి చేతే నొక్కించారు. చిన్న అద్దం ఇచ్చి "ముందు మీ అమ్మ పళ్లు లెక్కపెట్టు" అన్నారు. వాడు మహా సీరియస్‌గా నా నోట్లోకి తొంగిచూసి "ఇరవై తొమ్మిది!" అన్నాడు. "మరి నీవెన్నో?" అని ఆవిడ అడిగేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. మూడోసారి వెళ్లినప్పుడు వాడు ఎవరూ పట్టుకోకుండానే పన్ను బాగుచేయించుకున్నాడు. నిద్రమత్తు మందులతో అవసరం పడలేదు.

పాలపళ్లే కదా అంటారా?

"ఎలాగూ ఊడిపోయేవేగా, వాటికి డాక్టరెందుకమ్మాయ్?" అని అత్తగారు అనొచ్చు. నిజమే, ఊడిన పన్నుని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన వాళ్లమే మనమంతా. కానీ పాలపళ్లు ఇరవైలో ముందువి ఆరేడేళ్లకి ఊడితే, వెనక దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి నమలడానికే కాదు, కింద తయారవుతున్న అసలు పళ్లకి చోటు కాపాడతాయి కూడా. ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, వచ్చే పళ్లు వంకరపోవచ్చు. ఇంకో సంగతి. ఆరేళ్ల ప్రాయంలో, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. చాలామంది అమ్మలు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను సుమండీ!

భయం ఎక్కడ మొదలవుతుంది?

చాలాసార్లు మన వంటింట్లోనే! "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అని రోజూ మనమే బెదిరిస్తాం. పక్కింటి పిన్నిగారితో "అబ్బో, పన్ను పీకితే ప్రాణం పోయిందనుకోండి" అని పిల్లల ముందే చెబుతాం. ఆ మాటలన్నీ వాళ్లు దాచుకుంటారు. మనకి భయముంటే అది కూడా వాళ్లకి అంటుకుంటుంది. ఇక అక్కడి వాసన, మిషను రొద, కళ్లల్లో పడే లైటు, వెల్లకిలా పడుకుని కొత్తమనిషి ముందు నోరు తెరవడం... పెద్దవాళ్లకే గుండె దడదడలాడుతుంది కదూ!

చెప్పు - చూపు - చెయ్యి

పిల్లల పళ్ల డాక్టర్లు వాడే పద్ధతి ఇదే. 1959లోనే ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు దీని గురించి రాశాడు. చెయ్యబోయేది ముందు పిల్లాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తరవాత ఆ వస్తువు చూపించాలి. బ్రష్ గిర్రున తిరుగుతుంటే వేలిగోరు మీద ఆనించి చూపిస్తారు. ఆ తరవాతే, చెప్పింది చెప్పినట్టుగా చెయ్యాలి. తెలియని దాని మీదే భయం ఎక్కువ. తెలిసిన కొద్దీ తగ్గుతుంది.

ఈ పని మీరు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. వెళ్లడానికి రెండుమూడు రోజుల ముందు డాక్టరాట ఆడండి. మెడకి తువ్వాలు కట్టండి, దిండు మీద పడుకోబెట్టండి, టార్చిలైటు వేసి చెంచా కాడతో పళ్లు లెక్కపెట్టండి. తరవాత మీరు పడుకోండి, వాణ్ణి డాక్టరవనివ్వండి. బొమ్మకి కూడా వైద్యం చెయ్యనివ్వండి. వేడిపాలు ఊది చల్లార్చినట్టు నెమ్మదిగా గాలి వదలడం నేర్పండి. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ అలవాటు బాగా పనికొస్తుంది.

ఏమనాలి? ఏమనకూడదు?

"అస్సలు నొప్పి పుట్టదు" అనకండి. వాడికి వినిపించేది "నొప్పి" ఒక్కటే! పైగా కాస్త నొప్పి పుట్టినా మీ మాట అబద్ధమైపోతుంది. "డాక్టరుగారు నీ పళ్లు లెక్కపెట్టి శుభ్రం చేస్తారు. కొత్తగా అనిపిస్తే చెయ్యెత్తు, ఆపుతారు" అనండి. పీకడం, రక్తం, డ్రిల్లింగ్ లాంటి మాటలు మీరు ఎత్తకండి. ఏం చేస్తారో తెలియకపోతే "నాకూ తెలియదు కన్నా, మనమిద్దరం కలిసి అడుగుదాం" అనండి. తప్పేం లేదు.

"ఏడవకపోతే సైకిల్ కొనిపెడతా" అని ఆశపెట్టడం కూడా వద్దు. అంత పెద్ద బహుమతంటే ఏదో ఘోరం జరగబోతోందని పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

అక్కడికి వెళ్లాక

* పిల్లలు హుషారుగా ఉండే పొద్దుటి వేళ అపాయింట్‌మెంట్ తీసుకోండి. నిద్రవేళా, ఆకలివేళా వద్దు.

* వాడి భయం సంగతి డాక్టరుకి ముందే, వాడికి వినబడకుండా చెప్పండి.

* చెయ్యెత్తితే ఆపుతానని డాక్టరు చేత వాడి ముందే మాట ఇప్పించండి. ఆపే హక్కు తనదని తెలిస్తే చాలా మంది పిల్లలు ఆ చెయ్యి ఎత్తనే ఎత్తరు.

* డాక్టరు మాట్లాడుతుంటే మీరు మధ్యలో "అయిపోయింది, అయిపోయింది" అనకండి. వాడి చెవికి ఒక్క గొంతే వినిపించాలి. మీరు పాదం మీద చెయ్యి వేసి ఊరుకోండి.

* ఇష్టమైన పాటో, సెల్‌ఫోన్‌లో కార్టూనో పెట్టనిస్తారేమో అడగండి. ధ్యాస మళ్లుతుంది.

* మూడేళ్లలోపు పిల్లల్ని కుర్చీ ఎక్కించక్కర్లేదు. మీరూ డాక్టరూ మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటే, బిడ్డ మీ వైపు తిరిగి మీ ఒళ్లో కూర్చుని, తల డాక్టరు ఒళ్లోకి వాలుస్తుంది. మీ మొహం కనిపిస్తూనే ఉంటుంది.

* అయ్యాక "మంచి పిల్లాడివి" అని ఊరుకోకుండా, "పది అంకెలు లెక్కపెట్టేదాకా నోరు భలే తెరిచి ఉంచావే!" అనండి. ఏం బాగా చేశాడో తెలిస్తే మళ్లీ చేస్తాడు.

మత్తు ఇంజక్షన్ వద్దనకండి

నిద్రమత్తు వద్దంటే పన్ను మొద్దుబారడానికిచ్చే మందు కూడా వద్దని కాదు. నొప్పితో చేసిన వైద్యమే జీవితాంతం భయం పెడుతుంది. చిగురు మీద ముందు జెల్ పూసి ఆ తరవాత నెమ్మదిగా ఇస్తే గుచ్చుకున్నది తక్కువ తెలుస్తుంది. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు పెదవీ బుగ్గా మొద్దుగా ఉంటాయి. కొరుక్కుని పుండు చేసుకోకుండా కనిపెట్టి ఉండండి. తిమ్మిరి పోయాకే చల్లని పెరుగన్నమో, చల్లారిన మెత్తటి ఇడ్లీయో పెట్టండి. పన్ను తీయించిన రోజు స్ట్రాతో ఏమీ తాగనివ్వకండి.

కొన్ని పిప్పి పళ్లకి డ్రిల్లింగ్ లేకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని బ్రష్‌తో పూసి పుచ్చు ముదరకుండా ఆపొచ్చు. పుచ్చిన చోటు నల్లబడుతుందనుకోండి. మీ పిల్లలకి పనికొస్తుందా అని అడగండి. ఎంత చెప్పినా భయం పోని పిల్లలూ, ఎక్కువ పళ్లు పాడైన పసివాళ్లూ ఉంటారు. వాళ్లకి గ్యాసో, ఆస్పత్రిలో మత్తో అవసరమైతే అది మీ పెంపకంలో లోపం కాదు. బుగ్గ వాచి జ్వరం వస్తే మాత్రం బుజ్జగింపులతో ఆలస్యం చెయ్యకుండా వెంటనే తీసుకెళ్లండి.

అన్నిటికంటే సులువైన ఉపాయం, నొప్పి లేనప్పుడే వెళ్లడం! మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించమంటారు పిల్లల దంతవైద్యులు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. ఫ్లోరైడ్ పేస్టుతో రోజూ రెండుసార్లు మీరే తోమండి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, తరవాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు.

మొన్న మా ఆడపడుచు కూతురు పళ్ల డాక్టరంటే మంచం కింద దూరింది. మావాడు పక్కన చతికిలబడి, "కొంచెం చీమ కుట్టినట్టుంటుందే. తరవాత ఏం తెలీదు. వద్దనిపిస్తే చెయ్యెత్తు, నిజంగా ఆపుతారు" అన్నాడు. అది మెల్లగా తల బయటికి పెట్టింది. నేను ఆ రోజు వాడికి చెప్పాల్సిన మాటలు అవేనని అప్పుడనిపించింది.