కోడ్ రాయడం కన్నా కాయడం కష్టం

విపత్తులను తట్టుకునే కట్టడాలకు ప్రభుత్వ సాయం అంటే కరకట్టలు, తుపాను షెల్టర్లు గుర్తొస్తాయి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇటుక, సిమెంటు అవసరంలేని పనికి కూడా గ్రాంటులు ఇచ్చింది. భవన నిర్మాణ కోడ్‌ను చట్టంగా తెచ్చుకోవడం, దాన్ని అమలు చేసే ఇన్‌స్పెక్టర్లను పెట్టుకోవడం ఆ పని. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టే వీలు లేదు కాబట్టి ఇలాంటి ఖర్చుకు రాజకీయ నాయకుల్లో ఉత్సాహం తక్కువ.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఒకే కోడ్ లేదు. 1994లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ మూడేళ్లకోసారి నమూనా కోడ్‌లను సవరించి ప్రచురిస్తుంది. రాష్ట్రమో, ఊరో దాన్ని తన చట్టంగా చేసుకునేదాకా అది పుస్తకం మాత్రమే. దేశంలోని కౌంటీలు, నగరాలు, పట్టణాల్లో 65 శాతం ఆధునిక కోడ్‌లను స్వీకరించలేదని విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా 2020లో తేల్చింది. భారతదేశంలోనూ సంగతి ఇంచుమించు ఇదే. భూకంపాలకు ఐఎస్ 1893, పెనుగాలులకు ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణాలు ఉన్నాయి. రాష్ట్రాలు తమ భవన నిబంధనల్లో చేర్చుకుంటేనే వాటికి చట్టబలం వస్తుంది.

చట్టం చేసినంత మాత్రాన ఇల్లు గట్టిపడదని 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ రుజువు చేసింది. దక్షిణ ఫ్లోరిడా కోడ్‌కు అప్పటికే దేశంలోని కట్టుదిట్టమైన కోడ్‌లలో ఒకటిగా పేరుంది. అయినా వేల ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. శిథిలాలను పరిశీలిస్తే పైకప్పు చెక్కలకు కొట్టిన మేకులు చాలాచోట్ల కింది దూలానికి తగలనే లేదు. మేకులకు బదులు స్టేపుల్ పిన్నులతో సరిపెట్టిన ఇళ్లూ బయటపడ్డాయి. నిచ్చెనెక్కి చూసే మనిషి ఉంటే కట్టేటప్పుడే దొరికిపోయే లోపాలివి. ఆ దెబ్బకు పలు బీమా కంపెనీలు దివాలా తీశాయి. ఊరూరా కోడ్ అమలు ఎలా ఉందో 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చే పద్ధతిని బీమా రంగం ఆ తర్వాతే మొదలుపెట్టింది. అందులో 1 ఉత్తమం, 10 అధమం.

ఫ్లోరిడా కోడ్‌ను బిగించింది, 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ తెచ్చింది. ఫలితం 2004లో చార్లీ హరికేన్ వచ్చినప్పుడు తెలిసింది. షార్లెట్ కౌంటీ బీమా క్లెయిములను పరిశీలిస్తే, 1996 తర్వాత కట్టిన ఇళ్ల నుంచి వచ్చిన క్లెయిములు పాత ఇళ్లతో పోలిస్తే 60 శాతం తక్కువ. ఒక్కో క్లెయిములో నష్టం కూడా 42 శాతం తక్కువ. కొత్త కోడ్‌లపై పెట్టే ప్రతి డాలరుకూ సగటున 11 డాలర్ల నష్టం తప్పుతుందని జాతీయ భవన శాస్త్రాల సంస్థ 2019లో లెక్కగట్టింది.

దానికి ముందే, 2018 అక్టోబరులో విపత్తు పునరుద్ధరణ సంస్కరణ చట్టం వచ్చింది. దానిలోని 1206వ సెక్షన్ ప్రకారం పెద్ద విపత్తు ప్రకటించాక 180 రోజుల వరకు కోడ్ అమలు ఖర్చును ఫెమా భరించవచ్చు. ఇది ఎందుకు అవసరమో వరదొచ్చిన చిన్న ఊరిని చూస్తే తెలుస్తుంది. వరద ముంపు ప్రాంతంలోని ఇంటిని బాగుచేయడానికి అయ్యే ఖర్చు దాని మార్కెట్ విలువలో సగానికి చేరితే, ఆ ఇంటిని ప్రస్తుత నిబంధనల ప్రకారమే తిరిగి కట్టాలి, అవసరమైతే ఎత్తు లేపాలి. ఏ ఇల్లు ఆ గీత దాటిందో తేల్చాల్సింది స్థానిక ఇన్‌స్పెక్టరే. ఇద్దరే ఉన్నచోట వేల ఇళ్లు చూడటం అయ్యే పని కాదు. ఈలోగా యజమానులు కనిపించిన మేస్త్రీతో పాత ఇంటిని పాత పద్ధతిలోనే కట్టేసుకుంటారు. బయటి నుంచి ఇన్‌స్పెక్టర్లను రప్పించడానికి, పర్మిట్ల పని నడపడానికి ఈ డబ్బు పనికొస్తుంది.

విపత్తుకు ముందే ఇచ్చే సాయం ‘బ్రిక్’ అనే పథకం. అది 2020లో 50 కోట్ల డాలర్లతో మొదలైంది. ఖర్చులో సాధారణంగా 75 శాతం ఫెడరల్ వాటా, చిన్న పేద ఊళ్లకు 90 శాతం. కోడ్ సవరణ, సిబ్బంది శిక్షణ, కంప్యూటర్‌లో పర్మిట్లు, అమలు గ్రేడు పెంచుకోవడం వంటివన్నీ దీని కిందికి వచ్చాయి. 2023 ఆర్థిక సంవత్సరంలో ప్రతి రాష్ట్రానికీ కోడ్ పనుల కోసమే విడిగా 20 లక్షల డాలర్ల వరకు కేటాయించారు.

తొలి విడత పోటీలో సాంకేతిక మార్కులు 100. రాష్ట్రమంతటా తప్పనిసరి కోడ్ ఉంటే 20, మంచి అమలు గ్రేడు ఉంటే 15. ఆశ చూపి కోడ్ తెప్పించే ఎత్తుగడ అది. కాని దరఖాస్తు రాయడానికి తగిన ఉద్యోగి కూడా లేని ఊళ్లు వెనకబడ్డాయి. సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే మార్కులు తక్కువ రావడం ఆ పద్ధతిలోని పెద్ద లోపం. ఆశ అందరి దగ్గరా పనిచేయలేదు కూడా. ఇళ్ల ధర పెరుగుతుందన్న బిల్డర్ల వాదన నార్త్ కరోలినాలో నెగ్గింది. 2023లో శాసనసభ గవర్నర్ వీటోను తోసిరాజని, ఇళ్ల కోడ్‌కు పెద్ద సవరణలు 2031 దాకా వద్దని చట్టం చేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ రాష్ట్రపు పడమటి కొండ ప్రాంతాన్ని ముంచెత్తింది.

2025 ఏప్రిల్‌లో ఫెమా ‘బ్రిక్’ వృథా పథకమంటూ రద్దు ప్రకటించింది. జులైలో 20 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఆ నిధులను వేరే పనులకు మళ్లించవద్దని మసాచుసెట్స్‌లోని ఫెడరల్ జడ్జి ఆగస్టులో ఆదేశించారు, డిసెంబరులో రద్దు చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు. విపత్తు తర్వాత ఇచ్చే 180 రోజుల సాయం ఈ వివాదంతో నిమిత్తం లేకుండా చట్టంలో ఉంది.