నాన్న భుజమెక్కిన పిల్లాడు

నూరేళ్ల కిందట గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఒకాయన కొడుకుని భుజాన ఎక్కించుకుని భజనలకూ సంగీత సభలకూ తిరిగేవారు. ఆయన పేరు ఘంటసాల సూర్యనారాయణ. మృదంగం వాయిస్తూ పాడుకునే మనిషి, ఊరూవాడా పేరున్న విద్వాంసుడేమీ కాదు. నాన్న తరంగం ఎత్తుకుంటే పిల్లాడు దిగి ఆడేవాడు. చూసినవాళ్లు ముచ్చటపడి వాడికి ‘బాల భరతుడు’ అని పేరు పెట్టారు. 1922 డిసెంబరు 4న పుట్టిన ఆ పిల్లాడే తరవాతి కాలంలో తెలుగువాళ్లందరికీ తెలిసిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు.

1933లో సూర్యనారాయణ ఆరోగ్యం చెడింది. ఇక కోలుకోలేదు. చివరి రోజుల్లో కొడుకుని పిలిచి, నువ్వు గొప్ప సంగీత విద్వాంసుడివి కావాలిరా అన్నారట. తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైపోయింది. తల్లి రత్తమ్మ తమ్ముడు ర్యాలి పిచ్చిరామయ్య వచ్చి కుటుంబ భారం నెత్తిన వేసుకున్నారు. తెలుగిళ్లలో నాన్న లేని లోటు ముందుగా తీర్చాల్సింది మేనమామేగా! కానీ పాట నేర్పే దారి మేనమామకు ఎక్కడ దొరుకుతుంది? కుర్రాడు నలభై రూపాయలు చేసే ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి విజయనగరం చేరాడు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి అతన్ని చేరదీసి, పైసా అడగకుండా పాట నేర్పారు. గురువుగారి ఇల్లూ అంతంతమాత్రమే. అందుకని శిష్యుడు జోలె పట్టి మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు.

ఘంటసాల జీవితం రాసేవాళ్లందరూ తండ్రి చివరి కోరికను తప్పకుండా ప్రస్తావిస్తారు. అయితే పదకొండేళ్ల పిల్లాడు ఒక్క మాట పట్టుకుని అంత దూరం వెళ్తాడా? ఆ మాటకంటే ముందు ఎన్నో సాయంత్రాలు గడిచాయి. భుజం మీద కూర్చుని విన్న మృదంగం ఉంది, నాన్న పాటకు వేసిన అడుగులున్నాయి. సూర్యనారాయణ ఆస్తి కూడబెట్టలేదు, పొద్దుపోయాక తన సరదాలోకి కొడుకునీ వెంట తీసుకెళ్లారు, అంతే. పోయిన నాన్నని పిల్లలు తలుచుకునేటప్పుడు గుర్తొచ్చేవి చాలావరకు ఇలాంటి చిన్న చిన్న సంగతులే.

ఆ గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు తరవాత మద్రాసు వచ్చి, ఘంటసాల దగ్గర ఏళ్ల తరబడి సంగీత సహాయకుడిగా పనిచేశారు. తండ్రి లేని పిల్లాడికి ఒక తండ్రి దారి చూపించారు. ఆ తండ్రి కొడుకు ఇతనికి తోడుగా నిలిచారు. ఘంటసాల కూడా 51 ఏళ్లకే, 1974 ఫిబ్రవరి 11న, కన్నుమూశారు. ఆయన కుమారుడు రత్నకుమార్ గొంతునే నమ్ముకుని బతికారు, కాకపోతే పాటగాడిగా కాదు, వేలాది సన్నివేశాల్లో పరాయి నటులకు మాట అరువిచ్చిన డబ్బింగ్ కళాకారుడిగా. సంగీతరావు, రత్నకుమార్ ఇద్దరూ 2021 జూన్‌లో రోజుల తేడాతో వెళ్లిపోయారు.

మచిలీపట్నంలో పుట్టిన ఇంకో తండ్రి ఉన్నారు, రఘుపతి వెంకయ్యనాయుడు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ సినిమా మోజులో పడ్డారు. తాను బొమ్మలు ఆడించి ఊరుకోలేదు, కొడుకు ప్రకాశ్‌ని సినిమా తీయడం నేర్చుకు రమ్మని విదేశాలకు పంపారు. వందేళ్ల కిందట పిల్లాణ్ని ప్లీడరు చదువుకో, సర్కారు కొలువుకో పంపడం మాత్రమే తెలిసిన రోజులవి. తిరిగొచ్చిన ప్రకాశ్ 1921 నాటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు, భీష్ముడి వేషమూ ఆయనే వేశారు. తండ్రి కోసం రాజ్యాన్నీ పెళ్లినీ వదులుకున్న కొడుకు కథ అది. తండ్రి సొమ్ముతో నేర్చుకున్న విద్యతో కొడుకు ఈ కథే ఎత్తుకోవడం కాకతాళీయమే కావచ్చు, అయినా తెలుగు సినిమా ఇలా మొదలవడం బాగుంది.

తండ్రుల పేరున ఒక రోజు కేటాయించాలన్న ఆలోచన అమెరికాలో పుట్టింది. స్పోకేన్ ఊళ్లో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆమె తల్లి పోయాక తమ ఆరుగురినీ ఒంటిచేత్తో పెంచిన నాన్న కోసం పట్టుబడితే, 1910 జూన్ 19న మొదటిసారి జరిపారు. జాతీయ దినంగా స్థిరపడింది మాత్రం 1972లోనే. మన వైపు జూన్ మూడో ఆదివారం కేకులు కోస్తున్నారు, వాట్సాప్ స్టేటస్‌లు పెడుతున్నారు, మంచిదే. ఆ సందడి బతికున్న నాన్నలకే ఎక్కువ. పోయినవాళ్లకు ఇక్కడ వేరే లెక్క ఉంది.

సంక్రాంతి పెద్దల పండగ. ఆ రోజు ఇంట్లో పిల్లలకు కొత్త బట్టలు కొన్నట్టే, పోయిన నాన్న పేరున పంచె, కండువా పెడతారు. తద్దినం నాడు గారెలు, పరమాన్నం, అరటికాయ కూర వండుతారు. ఉల్లిపాయ ఊసు ఉండదు. శాస్త్రం చెప్పిన వంటలు అయ్యాక, నాన్నకిష్టమని ఏదో ఒకటి పక్కన చేరుతుంది. ఆ ఒక్క వంటకం కోసమే అక్కచెల్లెళ్లు వాదించుకుంటారు: ‘నాన్నకి పులుపు పడదే’, ‘నీకేం తెలుసు, నేను పెట్టిందే తినేవారు’. పంతులుగారు గోత్రం అడిగే లోపల ఇంటి చరిత్ర సగం బయటికొస్తుంది.

దివిసీమలో ఈ లెక్క కూడా తప్పింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి, అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేలమందిని తీసుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఇంటిల్లిపాదీ ఒక్క రాత్రిలో పోయినవాళ్లున్నారు. తద్దినం పెట్టడానికి మిగిలిన కొడుకే లేని ఇళ్లవి. అందుకే మామూలుగా తిథి చూసి పెట్టే చోట, ఇక్కడ నవంబరు 19 అనే ఇంగ్లిషు తారీఖు అందరికీ ఉమ్మడి సంస్మరణ దినమైంది. అప్పుడు సహాయానికి నడుం కట్టిన మండలి వెంకట కృష్ణారావును జనం దివిసీమ గాంధీ అన్నారు. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన విద్యామంత్రి ఆయనే. తిరుపతిలో 2012లో అవే మహాసభలు మళ్లీ జరిగినప్పుడు నిర్వహణలో ముందు నిలబడింది ఆయన కొడుకు బుద్ధప్రసాద్. ఇలాంటి వారసత్వానికి రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాలు ఉండవు.

అందరిళ్లలోనూ దొరికే జ్ఞాపకం పేరు. తాత పేరు మనవడికి పెడతారు, అది పెద్ద చిక్కు కూడా. మామగారి పేరు పెట్టి కోడలు పిల్లాణ్ని ఎలా తిడుతుంది? దాంతో ఇంట్లో బుజ్జి, చిన్నోడు, నాని లాంటి ముద్దుపేర్లు పుట్టుకొస్తాయి. పెద్దాయన పూర్తి పేరు గట్టిగా వినిపించేది బళ్లో హాజరు పిలిచినప్పుడే. నిమ్మకూరులో పుట్టి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి గెలిచిన నందమూరి తారక రామారావు, తాను బతికుండగానే హరికృష్ణ కొడుక్కి తన పేరు పెట్టారు. ఆ మనవడిని థియేటర్లో తెర మీద చూసి ఈలలు వేసే కుర్రాళ్లు తాత పేరంతా పలకరు, వాళ్లకి అతను తారక్.