మీకు తెలుసా? చలికాలంలోనే మనం సూర్యుడికి దగ్గర!

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో సంక్రాంతికి ముందు చలి బాగా ఉంటుంది. అయినా భూమి ఏడాదిలో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే: సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. చలికి కారణం దూరం కాదు, భూమి అక్షం వంపు.

దూరం ఇలా మారుతోందంటే భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదన్నమాట. మరి ఎందుకు కాలేదు? గ్రహం సూర్యుడి వైపు నిరంతరం పడుతూనే ఉంటుంది. పక్కకు దూసుకుపోయే వేగం దాన్ని తప్పిస్తుంది. ఆ వేగమూ దిశా లెక్కకు అచ్చంగా సరిపోతేనే వృత్తం. రవ్వంత తేడా వచ్చినా దీర్ఘవృత్తమే. గ్రహాలు పుట్టిన ధూళి, వాయువుల గందరగోళంలో అంత కచ్చితత్వం ఎక్కడ కుదురుతుంది? పైగా పొరుగు గ్రహాలు లాగుతూనే ఉంటాయి.

ఈ దీర్ఘవృత్తాకారాన్ని కుజగ్రహం లెక్కల్లో పట్టి 1609లో ప్రకటించినవాడు కెప్లర్. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుందన్న నియమంతో న్యూటన్ 1687లో దానికి కారణం చూపాడు.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్ కూడా ఆ కుజుడి చుట్టూ బాగా సాగిన దీర్ఘవృత్తంలోనే తిరిగింది: 2014 సెప్టెంబరులో కక్ష్యలో చేరినప్పుడు ఒక కొసన దాదాపు 422 కి.మీ., రెండో కొసన దాదాపు 77,000 కి.మీ. ఎత్తు.