తెర మీద చూసిన పల్నాడు... నాగులేటి ఒడ్డున కూర్చుని తిన్న పల్నాడు!

"మీది పల్నాడా? అమ్మో! అయితే మీతో జాగ్రత్తగా మాట్లాడాలి!"

హైదరాబాదులో ఓ సినిమా ఆఫీసులో, కథాచర్చల మధ్య, నన్ను చూసి ఒకాయన విసిరిన జోకు ఇది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరుగు బస్సులో ఆ నవ్వు నాకు అరగలేదు. ఆయన్ని మాత్రం ఏమనగలం? ఆయనకు తెలిసిన పల్నాడు పోస్టర్ల మీది పల్నాడే కదా! 'పల్నాటి పులి' (1984), 'పల్నాటి సింహం' (1985), 'పల్నాటి పౌరుషం' (1994), 'పల్నాటి బ్రహ్మనాయుడు' (2003)... ఇవేవీ 12వ శతాబ్దపు కథలు కావు. పేరు మాత్రం మాది. పౌరుషం కావాల్సి వచ్చినప్పుడల్లా మా ఊళ్ళ వైపు చూడటం సినిమా వాళ్ళకు అలవాటైంది.

అందుకే, ఆ పేరు పుట్టిన చోటు మళ్ళీ ఒకసారి చూసి రావాలనిపించింది. కార్తీక అమావాస్య దగ్గర పడుతుండగా నరసరావుపేటలో బస్సెక్కాను. ఎక్కడికంటారా? కారంపూడికి!

రెండు రాజధానులు, ఒక వాగు

పల్నాడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. అంతకుముందు గుంటూరు జిల్లాలో భాగం. బస్సు కిటికీలోంచి చూస్తే మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో నాపరాయి పరుచుకున్న నేల. ఇళ్ళ ముందు అరుగులకూ ఆ రాయే, పొలం గట్లకూ ఆ రాయే. ఎండాకాలం వస్తే ఆ రాయి పెనంలా కాలుతుంది. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీదా నీళ్ళ కరువు మీదా విసుర్లున్నాయి. మహాకవికి ఇక్కడి తిండి పడలేదన్నమాట! ఆ కరువు చాలావరకు తీరింది 1967లో సాగర్ కాలవలకు నీళ్ళు వదిలాకే.

కారంపూడి పక్కనే నాగులేరు. పేరుకు ఏరే గానీ, వానలు లేకపోతే సన్నటి పాయ. దాచేపల్లి మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. ఇటు గురజాల, అటు మాచర్ల... రెండూ బస్సులో గంటా అటూ ఇటూ ప్రయాణం. గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవరాజుది. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే! అనుగురాజు కొడుకులు. ఒకరి వెనక నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి వెనక బ్రహ్మనాయుడు. మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే గుండె కలుక్కుమంటుంది. రెండు ఊళ్ళ మధ్య దూరం ఇంతే! పొద్దున బయల్దేరితే సాయంత్రానికి నడిచి వెళ్ళి మాట్లాడుకోగలిగినంత! ఆ మాటలు కుదరకే 1182 ప్రాంతంలో ఈ నాగులేటి ఒడ్డున నెత్తురు పారింది. పాత కావ్యాల్లో ఈ ఊరి పేరు కార్యమపూడి.

నాయనమ్మ చెప్పిన సినిమా

మా నాయనమ్మకు ఈ కథంతా సినిమాగానే తెలుసు. చిన్నప్పుడు చూసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'! నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడుగా కుర్రవాడైన అక్కినేని. "కన్నాంబ కళ్ళెర్రజేస్తే హాల్లో పిల్లలు ఏడుపందుకునేవాళ్ళురా" అనేది. 1966లో అదే కథ మళ్ళీ వచ్చింది. ఎన్.టి.రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. నాయనమ్మ మాత్రం కన్నాంబ పక్షమే!

ఆ మొదటి సినిమా వెనక ఓ సంగతి ఉంది. దాన్ని మొదలుపెట్టిన వాడు గూడవల్లి రామబ్రహ్మం. 1938లో 'మాలపిల్ల' తీసి అంటరానితనం మీద దెబ్బకొట్టిన మనిషి. 'పల్నాటి యుద్ధం' పూర్తికాకుండానే 1946లో కన్నుమూశాడు. ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేశాడు. 'మాలపిల్ల' తీసిన చెయ్యి పల్నాటి కథ మీదికి ఎందుకెళ్ళిందో కారంపూడి వెళితే బోధపడుతుంది.

మా నాయనమ్మ బాలచంద్రుడి బొంగరం కథ వందసార్లు చెప్పింది. తల్లి ఐతాంబ, భార్య మాంచాల... అన్నీ చెప్పింది. కానీ కన్నమదాసు సంగతి ఒక్కసారీ చెప్పలేదు. మాలకులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడనీ, అన్ని కులాల వాళ్ళనూ ఒక చాప మీద కూర్చోబెట్టి 'చాపకూడు' పెట్టాడనీ నేను కాలేజీకెళ్ళాక చదువుకున్నాను. నాయనమ్మకు తెలియక కాదు. మా ఇంట్లో అప్పటికింకా పాలేరుకు గ్లాసు వేరే ఉండేది!

అయిదు రోజులు

కారంపూడిలో వీరుల గుడి ఉంది. అరవై ఆరుగురు వీరులకు గుర్తుగా నిలిపిన రాళ్ళకు పూజ. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఏ రోజుకా రోజు కథలో ఒక ఘట్టం. రాయబారం నాడు, సంధికి వెళ్ళి విషానికి బలైన అలరాజు తలపుకొస్తాడు. ఊరూరి నుంచీ ఆచారవంతులు తమ వంశాల్లో దాచుకున్న వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. నాగులేట్లో వాటికి స్నానం. వీరవిద్యావంతులు కత్తి పట్టుకుని రాత్రంతా కథ పాడతారు. ఈ పాటగాళ్ళు తరతరాలుగా మాలలే. వాళ్ళ పాటను పుస్తకానికెక్కించి, జీన్ రోగెయిర్ అనే విదేశీ పరిశోధకుడు 1982లో ఇంగ్లీషులో అచ్చువేయిస్తే ప్రపంచం చదివింది. చివరి రోజు కల్లిపాడులో వీరులు ఒరిగిపోతారు. డప్పులు ఒక్కసారి ఆగినప్పుడు చూడాలి ఆ జనాన్ని! ఏ రీరికార్డింగూ ఆ నిశ్శబ్దాన్ని ఇవ్వలేదు.

నేను వెళ్ళింది మూడో రోజు, మందపోరుకు. చాపకూడు ఆ రోజే.

ఆ ప్రశ్న రాలేదు!

జనం బారులు తీరి కూర్చున్నారు. నేనూ కూలబడ్డాను. పక్కన తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన.

"ఏవూరబ్బాయా మీది?"

"నరసరావుపేట, తాతా."

నా గుండె కొంచెం బిగిసింది. మా వైపు ఊరి పేరు తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. "ఎవురోళ్ళు మీరు?" అని. అది పెళ్ళి పందిట్లో వస్తుంది, రచ్చబండ దగ్గర వస్తుంది, అద్దె ఇంటి గుమ్మంలోనూ వస్తుంది. ఎదురుచూశాను.

రాలేదు.

"ముందు తిను. చల్లారితే బాగుండదు" అన్నాడాయన.

తిన్నాను. ఇటువైపు ఎవరో, అటువైపు ఎవరో నాకు తెలియదు. నేనెవరో వాళ్ళకూ తెలియదు. నిజం ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ అలా కూర్చోలేదు.

కథ ఇక్కడితో ఆపితే సినిమాలా చక్కగా ఉండేది. కానీ బస్సు కోసం టీ కొట్టు దగ్గర నిలబడ్డప్పుడు, అదే జాతరకొచ్చిన ఒకాయన గ్లాసు అందిస్తూ అడగనే అడిగాడు.

"పేటలో ఎవురోళ్ళబ్బాయ్?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చాపకూడు తిన్నోణ్ణి" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత పక్కున నవ్వి, టీ డబ్బులు తీసుకోనివ్వకుండా తనే ఇచ్చాడు.

బ్రహ్మనాయుడు యుద్ధాన్ని ఆపలేకపోయాడు. కులాన్నీ పోగొట్టలేకపోయాడు. కానీ ఏడాదిలో ఒక పూట ఆ ప్రశ్నకు సెలవిచ్చే ఊరొకటి మిగిలింది. కత్తుల కథ తెరకెక్కించే వాళ్ళకు నాదో మనవి... ఈసారి పల్నాడు పేరు పెట్టుకునే ముందు ఒక్కసారి మందపోరు నాడు కారంపూడి రండి. కెమెరా తర్వాత. ముందు చాప మీద కూర్చోండి. పక్కనున్నది ఎవరని అడక్కండి!