వాతావరణ బాధ్యత గొడ్లచావిడి దాకా

పాలడెయిరీ లెక్కలో భూతాపాన్ని పెంచే వాయువుల్లో సింహభాగం ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రాదు, రైతు గొడ్లచావిడి నుంచి వస్తుంది. గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తే వీరవల్లి దగ్గర ‘విజయ’ పేరుతో పాలు అమ్మే కృష్ణా మిల్క్ యూనియన్ డెయిరీ ఉంది. ఇలాంటి ప్రతి డెయిరీ వెనకా వందల ఊళ్ల పాలకేంద్రాలు, వాటి వెనక వేల గేదెలు ఉంటాయి. అందుకే డెయిరీల వాతావరణ బాధ్యతను రెండు చోట్ల చూడాలి: ఫ్యాక్టరీ గేటు లోపల, గేటు బయట.

గేటు లోపల

పిండగానే దాదాపు ఒంటి వేడితో ఉండే పాలను పాలకేంద్రం నుంచే 4 డిగ్రీలకు చల్లబరచాలి. డెయిరీకి చేరాక 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు కాచి మళ్లీ చల్లార్చాలి. డెయిరీలో కరెంటు, ఇంధనం ఖర్చు ఎక్కువగా ఈ కాచడం, చల్లార్చడం దగ్గరే. పాస్చరైజర్‌లో పలుచని స్టీలు పలకలు వరుసగా ఉంటాయి. ఒక పక్క కాగిన పాలు బయటికి వెళ్తుంటే, రెండో పక్క చల్లని పాలు లోపలికి వస్తుంటాయి. వేడి ఆ పలకల గుండా అటు నుంచి ఇటు మారుతుంది. సరిగా నడిచే యంత్రంలో 90 శాతం దాకా వేడి ఇలా తిరిగి ఉపయోగపడుతుంది.

బాయిలర్‌లో బొగ్గుకు బదులు ఊక వాడటం మరో మార్గం. కృష్ణా డెల్టా రైస్ మిల్లుల పుణ్యమా అని ఇక్కడ ఊకకు కొరత లేదు. 1992లో మొదలైన డెయిరీ కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్ సొంతంగా సౌర, పవన విద్యుత్తును ఉత్పత్తి చేస్తోంది. శీతలీకరణ వాయువు ఎంపిక కూడా ముఖ్యమే. పెద్ద డెయిరీలు వాడే అమ్మోనియా వల్ల భూతాపం పెరగదు. ఆర్-404ఏ లాంటి వాయువు కిలో లీకైతే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

గేటు బయట

గేదె మొదటి పొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టేటప్పుడు మీథేన్ పుడుతుంది. అది ఎక్కువగా త్రేన్పులతోనే బయటికి వస్తుంది. వందేళ్ల లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు ఎక్కువ వేడిని పెంచుతుంది. ప్రపంచంలో మనుషుల కార్యకలాపాల వల్ల వెలువడే, భూతాపాన్ని పెంచే వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో లెక్కగట్టింది. నెస్లే తన ఉద్గారాల్లో దాదాపు మూడింట రెండు వంతులు వ్యవసాయం నుంచే వస్తున్నట్టు గుర్తించింది. తాజా పాల సేకరణకు సంబంధించిన మీథేన్‌ను 2020తో పోలిస్తే 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని డానోన్ 2023లో ప్రకటించింది.

డెల్టాలో గేదెకు ప్రధాన మేత వరిగడ్డి. అది అరగడం కష్టం కాబట్టి వాయువు ఎక్కువ, పాలు తక్కువ. రోజుకు నాలుగు లీటర్లిచ్చే గేదె ఎనిమిదికి చేరితే వాయువు రెట్టింపు కాదు. లీటరు మీద పడే భారం తగ్గుతుంది. వట్టిపోయిన గేదె కూడా మీథేన్ వదులుతూనే ఉంటుంది. కాబట్టి సకాలంలో ఎదకు రావడం, చూడి నిలవడం కూడా వాతావరణానికి మేలే.

పరిష్కారాలు అందుబాటులోనే ఉన్నాయి. వరికోతల వేళ పొలంలో చల్లే పిల్లిపెసర, జనుము మాంసకృత్తులున్న పచ్చిమేతలు. వరిగడ్డితో కలిపి వేస్తే మేత బాగా ఒంటబడుతుంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏ పశువుకు ఎంత దాణా, ఎంత ఖనిజ లవణ మిశ్రమం కావాలో లెక్కగట్టే పద్ధతిని ఊళ్లకు తెచ్చింది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ రూపొందించిన ‘హరిత ధార’ అనే దాణా మిశ్రమం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుంది. పేడను బయోగ్యాస్ తొట్టిలో వేస్తే వంటగ్యాసు, పొలానికి ఎరువు రెండూ దక్కుతాయి. గన్నవరంలోనే ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఈ శాస్త్రాన్ని పాలకేంద్రం మెట్టు దాకా తేవడానికి డెయిరీలకు ఇంతకన్నా దగ్గరి తోడు దొరకదు.

ఎండ, వరద

మారే వాతావరణం డెయిరీలనూ వదలదు. గేదెకు నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు. రోహిణి కార్తె ఎండలకు మేత తగ్గించి, పాలు తగ్గిస్తుంది. నీడ, చెరువు, ఒంటి మీద నీళ్లు దాని ప్రాణావసరాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు పాల ప్యాకెట్లను పడవల మీద చేరవేయాల్సి వచ్చింది. ఎత్తైన చోట నిర్మాణాలు, పశు బీమా, మేత నిల్వలు ఇక ఏ డెయిరీకైనా తప్పనిసరి.

ఖర్చు ఎవరిది?

రెండు మూడు గేదెలున్న రైతు మీద ఈ భారం మోపడం న్యాయం కాదు. వెన్న శాతాన్ని బట్టి పాలకు ధర కట్టే కంపెనీలు మంచి మేతకు, పేడ నిర్వహణకు కూడా ధర కట్టాలి. ఫ్యాక్టరీ కరెంటు లెక్కతో ఆగకుండా చావిడిలోని మీథేన్ లెక్కనూ ఏటా ప్రకటించాలి. లీటరుకు ఎంత తగ్గిందో, మొత్తంగా ఎంత తగ్గిందో విడివిడిగా చెప్పాలి. రైతు ఆదాయం పెంచుతూ మీథేన్ తగ్గించిన డెయిరీయే వాతావరణ బాధ్యతను నిజంగా నెరవేర్చినట్టు.