చేపల పడవ ఎంపికలో నీరు, రేవు ప్రధానం
అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ పడవల గుణదోషాలు

హైదరాబాద్: హైటెక్ సిటీ సమీపంలోని దుర్గం చెరువు చుట్టూ గ్రానైట్ బండలు ఉన్నాయి. కాకినాడ సమీపంలోని ఉప్పాడ తీరంలో ఉప్పునీరు, ఇసుక, కెరటాల తాకిడి ఉంటాయి. ఇటువంటి రెండు చోట్లకూ ఒకే రకం పడవ సరిపోదు. కావున చేపల పడవ ఎంపికలో ధరకంటే ముందు అది తిరిగే నీటిని, ఒడ్డు చేరే రేవును పరిశీలించవలసి ఉంది.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాత పడవల స్థానంలో కొత్తవి సమకూర్చేందుకు వీలు కల్పించారు. యూనిట్ వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం రాయితీగా నిర్దేశించారు. మిగిలిన మొత్తం లబ్ధిదారుడే భరించాలి. ఎంపికలో పొరపాటు జరిగితే ప్రభుత్వ ధనంతోపాటు మత్స్యకారుని అప్పు కూడా నీటిపాలవుతుంది.

ఫైబర్‌గ్లాస్ పడవ

కోస్తాలో దుంగల తెప్పలు, చెక్క నావల స్థానంలో ఫైబర్ బోట్లు విస్తరించాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం ఈ మార్పు వేగం పుంజుకుంది. గాజునార మ్యాట్‌ను రెసిన్‌తో తడిపి, అచ్చులో పొరలుగా పేర్చి వీటిని తయారుచేస్తారు. ఇవి ఉప్పునీటిలో తుప్పు పట్టవు. పగులు ఏర్పడితే ఆ భాగాన్ని బాగా ఆరబెట్టి, గరుకు చేసి, గ్రామంలోనే అతుకు వేయవచ్చు. అయితే బండలకు పదేపదే రాసుకుంటే పైపూత అరిగి నీరు పొరలలోకి చేరుతుంది. పొరలు తగ్గించి రంగు పూసినట్లయితే ఆ లోపం కంటికి కనిపించదు. పాతబడిన పడవను కరిగించి తిరిగి వాడుకునే వీలుండదు.

అల్యూమినియం పడవ

పడవలకు మెగ్నీషియం కలిసిన 5083, 5086 వంటి మిశ్రమ లోహాలను వాడతారు. రాతికి తగిలినప్పుడు ఈ రేకు సాధారణంగా పగలక సొట్టపడుతుంది. పాత పడవకు సైతం లోహం విలువ లభిస్తుంది. అయితే ఉప్పునీటిలో రాగి, కంచు, ఉక్కు భాగాలు నేరుగా తగిలి ఉంటే అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది. వాటి మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ పొర ఉంచాలి. రాగి కలిసిన రంగులు అడుగున పూయరాదు. మరమ్మతుకు ఆర్గాన్ వాయువుతో వెల్డింగ్ చేయగల నిపుణుడు అవసరం.

అందుచేత రాతి ఒడ్డు గల జలాశయాలలో, వెల్డింగ్ సౌకర్యం అందుబాటులో ఉన్నచోట, అల్యూమినియం అనుకూలం. ఇసుక తీరాన సముద్ర వేటకు ఫైబర్‌గ్లాస్ మేలు.

రెండింటికీ వర్తించే జాగ్రత్త

అల్యూమినియం నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువైనది. ఫైబర్‌గ్లాస్ కూడా నీటికంటే బరువైనదే. నీరు నిండితే ఇవి దుంగల తెప్పవలె తేలవు, మునిగిపోతాయి. కావున ఫోమ్ నింపిన మూసివున్న అరలు తప్పనిసరిగా ఉండాలి. పడవను స్వీకరించే ముందు లోతులేని నీటిలో, ఇంజనుకు, మనుషులకు సమానమైన బరువుంచి, నీటితో నింపి అది తేలుతున్నదీ లేనిదీ పరీక్షించాలి. పడవ బోల్తా పడినప్పుడు మత్స్యకారునికి పట్టుకునేందుకు మిగిలేది ఆ పడవే. తుది చెల్లింపునకు ముందే అధికారులు ఈ పరీక్ష జరిపించడం శ్రేయస్కరం.