పనికిరాని కాగితములు, మిగిలిన మందులు

గుమ్మఘట్ట ప్రాంతపు రైతు ఇంట పెట్టె తెఱచి చూచినచో రెండు విధములైన వస్తువులు తప్పక కనబడును. ఒకటి కాగితములు: పాసుపుస్తకము, పాత రసీదులు, అప్పుకాగితముల నకళ్ళు, పంటబీమా పత్రములు, ఇంటిల్లిపాది ఆధారు కార్డుల జిరాక్సులు. రెండవది మందులు: సగము వాడి విడిచిన జ్వరపు మాత్రలు, గడువు దాటిన దగ్గుమందు, గొఱ్ఱెలకు త్రాగింపగా మిగిలిన నట్టల మందు సీసా. పండుగకు ఇల్లు సున్నము కొట్టునపుడు ఇవన్నియు ఒక్క గంపలో చేరి పెంటదిబ్బకో, ఎండిన బావికో పోవుచున్నవి. మనకు వానితో పని తీఱినదే కాని వాని శక్తి తీఱలేదు. ఆ సంగతి సభ్యులకు తెలుపుటకే దీనిని వ్రాయుచున్నాము.

ముందుగా కాగితముల మాట. ఏది నాశనము చేయవచ్చునో చెప్పుటకు మునుపు ఏది చేయరాదో చెప్పవలసియున్నది. రిజిస్టరు దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, భాగపరిష్కార పత్రములు, అప్పు తీర్చిన రసీదులు ఎంత పాతవైనను దాచుకొనవలెను. భూమి తాకట్టు పెట్టినవారు బాకీ తీరినపిమ్మట విడుదల పత్రము వ్రాయించుకొని, ఈ.సి.లో ఆ భారము తొలగినదో లేదో చూచుకొనవలెను. ప్రోనోటు బాకీ తీర్చినవారు నోటును వాపసు తీసికొని, దానిపై చెల్లు వ్రాయించి, సంతకమునకు అడ్డముగా గీత గీసి భద్రపఱచుట మేలు. కొందఱు సంతోషముకొలది అక్కడికక్కడే దానిని చింపివేయుదురు. చింపినచో బాకీ తీర్చితిమనుటకు గల నిదర్శనము కూడ దానితోనే పోవును.

భయమంతయు నకళ్ళతోను, నింపి విడిచిన దరఖాస్తులతోను గలదు. సంతలో బొరుగులు, బజ్జీలు కట్టియిచ్చిన కాగితమును విప్పి చూచినచో అది ఎవరిదో ఆధారు నకలుగా నుండుట కలదు. బ్యాంకు ప్రతినిధియొద్ద వేలిముద్ర వేసి రొక్కము తీసికొనుట నేడు పల్లెలలో సామాన్యము. దానికి వలసినవి మూడే: బ్యాంకు పేరు, ఆధారు సంఖ్య, వేలిముద్ర. పాత దరఖాస్తుమీద ఈ మూడును ఒక్కచోటనే దొరకవచ్చును. కాగితముమీది ముద్ర యేమి చేయునని అనుకొనవలదు. 2018లో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లా ధర్మారమున సిమ్ కార్డు లమ్ము నొకడు, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని దస్తావేజులనుండి వేలిముద్రలను దింపుకొని, రబ్బరు ముద్రలు చేయు యంత్రముతో వానికి నకళ్ళు పోసి, వేలకొలది సిమ్ కార్డులను చెల్లించెనని పోలీసులు కనుగొనిరి. రొక్కము తీయువానికి ఇంతకంటె వేఱు విద్య అక్కఱలేదు.

కాబట్టి నకలు ఇచ్చునపుడే దానిపై అడ్డముగా, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చితిమో సిరాతో వ్రాయవలెను. కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధారు ప్రతియు దొరకును. చాలినచోట అదియే యీయవలెను. వేలిముద్రకు తాళము వేసికొను సదుపాయమును ఆధారు సంస్థ కల్పించినది. 1947 అను సంఖ్యకు ఫోను చేసి విధానము తెలిసికొనవచ్చును. సొమ్ము పోయినచో జాగు చేయక 1930కి తెలుపవలెను.

నాశనము చేయు విధమును గూర్చి ఒక మాట. కాగితముల కట్టను కట్టగానే మంటలో వేసినచో అంచులు మాడి, నడుమ అక్షరములు చెక్కుచెదరక మిగులును. విడివిడిగా వేసి, మసిని కఱ్ఱతో కలియబెట్టవలెను. లేదా రాత్రి నీటిలో నానవేసి రోట దంచినచో గుజ్జగును. మన పెద్దమ్మలు ఆ గుజ్జులో మెంతులు చేర్చి తట్టలు చేసెడివారు. ఇంతకంటె చక్కని ఉపాయము మాకు తోచదు. ప్లాస్టికు పూత వేసిన కార్డులను కాల్పరాదు. సంఖ్య తెగునట్లు ముక్కలు చేసి, ముక్కలను వేఱు వేఱు దినముల చెత్తలో వేయవలెను. ఏ.టి.యం. కార్డు చిప్పును గూడ కత్తిరింపవలెను.

ఇక మందులు. మన జిల్లాలో సాలుకు కురియునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేదవతి, అనగా మన హగరి, యేటిలో చాలకాలము ఇసుకయే కనబడును. ఇట్టి సీమలో ఎండిన బావి చెత్తగుంట కాదు. వాన వచ్చినపుడు నీరు భూమిలోనికి దిగు త్రోవ. దానిలో వేసినది రేపటి బోరునీటిలోనికి దిగవచ్చును. హైదరాబాదు చెంత పటాన్‌చెరువున, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు ఉన్నట్లు 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది మందు తినుచున్న రోగి రక్తములో నుండుదానికంటె హెచ్చు. ఇట్టి నీటిలో బ్రదుక నేర్చిన క్రిములకు ఆ మందు లొంగవు. మన యింటి మాత్రలు ఫ్యాక్టరీ మురుగంత కావు, నిజమే. మన కుంటలును పెద్దవి కావు. నట్టలకు వాడు ఐవర్‌మెక్టిన్ చేపలకు విషము. ఆ సీసాను చెరువులో కడుగరాదు.

పశువుల మందు ఎంత దూరము పోవునో రాబందుల కథ తెలుపును. నొప్పికి డైక్లోఫెనాకు సూది వేసిన పశువు చచ్చిన, దాని కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చెను. కారణము 2004లో తెలిసినది. 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వము నిషేధించినది. అప్పటికే దేశమున రాబందులు నూటికి తొంబదికి పైగా నశించినవి. మందులు వాడిన పశువు చచ్చినచో బావికి దూరముగా లోతుగా పూడ్చవలెను.

మాత్రలను పొయ్యిలో కాల్పరాదు, పొగ చెడ్డది. ఉబ్బసపు పీల్పుడు డబ్బాలు మంటలో ప్రేలును. మిగిలిన మాత్రలను పొరుగువారికి దానము చేయుటయు తగదు. ట్రమడాల్, డయాజిపామ్, మార్ఫిన్ మొదలైన 17 మందులు బిడ్డలచేత బడినచో ప్రాణాపాయము గావున, వానిని మరుగుదొడ్డిలో వేసి నీరు పోయవలెనని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో తెలిపినది. ఇవి తప్ప తక్కినవి మరుగుదొడ్డిలో వేయరాదు.

తక్కిన మందులకు మేము సూచించున దిది. 2025లో కేరళ ప్రభుత్వము కోజికోడున ఇండ్లనుండి మందులు సేకరించు పథకము ప్రారంభించినది. మన సంఘపు కచ్చేరిలోను తాళము గల పెట్టె నొకటి యుంచి, నెలకొకసారి ప్రాథమికారోగ్య కేంద్రమునకు చేర్పవచ్చును. అచ్చట గడువు దాటిన మందులు పసుపుపచ్చని సంచులలో దహనశాలకు పోవును. వైద్యాధికారి సమ్మతి ముందుగా పొందవలెను; సర్వసభ్య సమావేశమున దీనిని చర్చింతురుగాక. అంతవరకు మందులను బిడ్డల కందనిచోట, పురుగుమందులకు దూరముగా తాళము వేసి యుంచవలెను. సూదులను గట్టి డబ్బాలో వేఱుగా నుంచవలెను. పెట్టెలో వేయుటకు మునుపు అట్టలమీదను, వానితోనున్న ఆసుపత్రి చీటులమీదను గల రోగి పేరును, ఫోను సంఖ్యను చించివేయవలెను.